అర్థం ఆయనది, ఉదాహరణ ఆవిడది

మా మామగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎప్పుడూ కరెక్టే. పిసినారి మామగారు, చాడీలు చెప్పే మామగారు, కోడలి వంటలో ఉప్పు వెతికే మామగారు ఉన్నవాళ్ళకి నలుగురిలో కూర్చుని కళ్ళు తుడుచుకోవటానికి ఓ అవకాశం ఉంటుంది. నాకు ఆ భాగ్యం కూడా లేదు. "మా మామగారు ఇవాళ మళ్ళీ కరెక్టుగా చెప్పారండీ" అని ఎవరి దగ్గర మొరపెట్టుకోను?

ఆయన ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యారు. అంటే బడి ఆయన్ని వదిలించుకుంది గానీ, ఆయన బడిని వదల్లేదు. ఓ నల్లబోర్డు కొనుక్కొచ్చి మేముండే బిల్డింగులో మెట్ల మొదట్లో, గోడకి కొట్టించారు. లిఫ్టు లేని బిల్డింగు కాబట్టి నాలుగంతస్తుల జనమూ దాని ముందు నుంచే పోవాలి. తప్పించుకునే దారి లేదు. రోజూ పొద్దున్నే ఆ బోర్డు మీద ఒక ఇంగ్లీషు మాట ఉంటుంది. దాని కింద 'అర్థం', దాని కింద 'వాడుక'.

ఈమధ్య ఆయనకి చెయ్యి వణుకుతోంది. అందుకని రాసేది నేను. ఆయన రెండో మెట్టు మీద నిలబడి చెబుతుంటే, డిగ్రీ చదివిన నేను సుద్దముక్క పట్టుకుని ఎక్కాలు రాసే పిల్లలా రాస్తాను. 'టి' మీద గీత వంకరపోతే చెరిపించి మళ్ళీ గీయిస్తారు. ఆ గీతలు చూస్తే నిజంగానే వంకరగా ఉంటాయి. అదీ నా బాధ.

అర్థం ఆయనదే. వాడుక మాత్రం మా అత్తగారిది. పొద్దున టీ తాగుతూ ఆయన హాల్లోంచి కేకేస్తారు. "ఏమోయ్, ఇవాళ్టి మాట ఇదీ. అర్థం ఇదీ. ఓ ఉదాహరణ చెప్పు!" ఆవిడ వంటింట్లోంచి, చేస్తున్న పని ఆపకుండా, తెలుగులో ఒకటి విసురుతుంది. ఆయన దాన్ని పట్టుకుని ఇంగ్లీషు చొక్కా తొడుగుతారు. 'మొండి' అనే అర్థమున్న మాటకి ఆవిడ చెప్పిన ఉదాహరణ: "మూత రాని సీసా, మూత తీయనివ్వని మా ఆయనా." 'తాత్కాలికం' అనే మాటకి: "రేపట్నుంచి పొద్దున్నే నడుస్తానని మా అబ్బాయి చెప్పే మాట." మర్నాడు 'శాశ్వతం' వచ్చింది. దానికి: "సోఫా మీద మా అబ్బాయి." మా ఆయన ఓ వారం పాటు ఆ బోర్డు వైపు చూడకుండా, తల వంచుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

జనం ఆగి చదివేది ఈ మూడో వరసే. మెట్ల కిందే ఇస్త్రీ బల్ల పెట్టుకున్న ఆవిడ ఉంది. బిల్డింగంతా ఇస్త్రీ పిన్ని అంటారు. పిన్నికి చదువు రాదు. దిగేవాళ్ళ చేత ఆ వరస తెలుగులో చెప్పించుకుని, ఎక్కేవాళ్ళకి చెబుతుంది. కాబట్టి మా ఇంట్లో పొద్దున అన్న మాట మధ్యాహ్నానికల్లా ఇస్త్రీ బట్టలతో పాటు మడతలు పెట్టుకుని అందరి ఇళ్ళకీ చేరుతుంది.

మా కొంపకి చిచ్చు పెట్టిన మాట మా ఆయన ఆఫీసు నుంచి వచ్చింది. వాళ్ళ మేనేజరు ఏదో శిక్షణకి వెళ్ళొచ్చాడట. వచ్చినప్పట్నుంచీ "టీములో కోహీజన్ లేదు, కోహీజన్ పెరగాలి" అని ఒకటే గోల.

"అంటే ఏంటి నాన్నా?" అని మా ఆయన అడిగాడు.

"నీకేమనిపించింది?" అన్నారు మామగారు.

"సాయంత్రం ఆరింటికి ఎవరూ ఇంటికెళ్ళకపోవటం అనిపించింది."

మామగారి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. మర్నాటి బోర్డు సిద్ధం.

పొద్దున టీ కప్పు పక్కన పెట్టి మరీ వివరించారు. "కోహీజన్ అంటే అంటిపెట్టుకుని ఉండటం. ఎలా? ఒకే రకం పదార్థం తనలో తాను పట్టుకుని ఉండటం. నీటిబొట్టు గుండ్రంగా నిలబడుతుంది చూడు, అదీ. అదే నీళ్ళు గ్లాసుకి అంటుకున్నాయనుకో, అది అడ్‌హీజన్. అక్కడ రెండూ వేరు వేరు జాతులు. ఈ రెండింటినీ కలిపెయ్యకూడదు."

నేను సైన్సు చదివినదాన్నే. కాలేజీలో దీనికో తెలుగు మాట కూడా ఉండేది. పలికితే పళ్ళు కదిలేవి. మాట గుర్తు రాలేదు గానీ, గుర్తొచ్చినట్టు తలూపాను.

"ఏమోయ్, ఉదాహరణ!"

అత్తగారు వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది. ఆవిడ ఎప్పుడూ పని ఆపదని చెప్పాను కదా. ఆ రోజు ఆపింది. చేతిలో చిక్కుడుకాయ సగం తుంచి అలాగే పట్టుకుంది.

"రాయండి," అంది. "మీరూ, నేనూ."

మా ఆయన ఫోనులోంచి తలెత్తాడు. ఆ ఇంట్లో ఇలాంటి మాట నేను అడుగుపెట్టాక వినలేదు. మా అత్తగారు ప్రేమగా మాట్లాడాలనుకుంటే "తిన్నారా" అంటుంది. మరీ ఎక్కువైతే "ఇంకొంచెం పెట్టనా" అంటుంది. అంతకు మించి ఆవిడ దగ్గర సరుకు లేదనుకున్నాం.

మామగారు ఆలోచించారు. నిజాయితీగా, క్లాసులో పిల్లాడు లేచి సమాధానం చెబితే ఎలా తూచి చూస్తారో అలా తూచి చూశారు.

"కాదోయ్," అన్నారు. "అది అడ్‌హీజన్. మనం వేరు వేరు జాతులం కదా."

నాకు నవ్వొచ్చింది. నోటినిండా టీ ఉంది. అది ముక్కులోంచి వచ్చింది. మనిషన్నవాడు ఎవడైనా నవ్వేవాడే, ఆ క్షణం అలాంటిది.

అత్తగారు మిగిలిన చిక్కుళ్ళన్నీ తుంచింది. పీచులు ఏరి చెత్తబుట్టలో వేసింది. చేతులు కడుక్కుని లోపలికెళ్ళి, బ్యాగుతో బయటికొచ్చింది.

"అమ్మాయి ఇంటికి వెళ్తున్నాను. అంటుకుని ఉండటానికి అక్కడ నా జాతివాళ్ళు ఉన్నారు."

"ఎప్పుడొస్తావు?" అన్నారు మామగారు. ఆయనకింకా ఏమీ అర్థం కాలేదు. చేతిలో పుస్తకం కూడా మూయలేదు.

"తప్పు నాది అని మీరు పైకి ఎప్పుడంటే అప్పుడు."

ఆవిడ మెట్లు దిగిపోయాక ఆయన నా వైపు తిరిగి, "ఇందులో తప్పేముంది అమ్మాయ్? ఏ డిక్షనరీలోనైనా చూడమను," అన్నారు.

'తప్పు నాది' అనే వాక్యాన్ని ఆయన ఎన్ని తరాల పిల్లల చేత అన్ని కాలాల్లోనూ చెప్పించారో లెక్క లేదు. ఆ వాక్యం ఆయన నోట మాత్రం ఎవరూ విన్న పాపాన పోలేదు.

అయినా అబద్ధమెందుకు, మొదట్లో నాకు కాస్త సంబరంగానే ఉంది. వంటిల్లు పూర్తిగా నా చేతికొచ్చింది. డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దాను. సర్దాక ఏ డబ్బా ఎక్కడుందో తెలియక, పంచదార కోసం మొత్తం వర్ణమాల తిరిగొచ్చాను. మొదటిరోజు అన్నం వండాను. గరిటె పెట్టి ఎత్తితే గిన్నె కూడా లేచింది.

మామగారు కంచంలోని ముద్దని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన ముఖంలో ఎక్కడా వెటకారం లేదు. అదే ఎక్కువ బాధ.

"అమ్మాయ్, కోహీజన్ అంటే ఇదే చూడు. మెతుకు మెతుకునీ ఎంత చక్కగా పట్టుకుందో!" తర్వాత గిన్నెలోకి తొంగి చూసి, "అడుగంటింది కదా, అది అడ్‌హీజన్," అన్నారు.

మళ్ళీ కరెక్టే.

ఆ పూట నుంచి బోర్డు ఆగిపోయింది. కోహీజన్ అనే మాట ఉంది. అర్థం ఉంది. 'వాడుక' అని రాసి, పక్కన ఖాళీ. వాడుక లేని మాటని వదిలేసి ముందుకి పోవటం ఆయన పద్ధతి కాదట.

"నువ్వు చెప్పు అమ్మాయ్," అన్నారు.

నేను గొంతు సవరించుకున్నాను. "పదార్థంలోని అణువులు..."

"అది అర్థమే. నేనడిగింది వాడుక."

"సమాజంలో అన్ని వర్గాల మధ్య కోహీజన్ నెలకొనాలి."

"ఇది ఉపన్యాసం. ఇంకోటి."

"ఇంకోటంటే..."

"పోనీ, నీ అన్నం గురించి రాద్దామా?"

"వద్దు మామయ్యగారూ."

నా అన్నం నాలుగంతస్తులకీ తెలియటం నాకిష్టం లేదు. వంటింట్లో నిలబడి రెండు నిమిషాల్లో మా అత్తగారు చెప్పే పని, నేను పట్టా చేత్తో పట్టుకుని కూడా చెయ్యలేకపోయాను.

ఖాళీ ఉంటే జనం ఊరుకోరు కదా. ఎవరో సుద్దముక్కతో 'గమ్ము సీసా' అని రాశారు. మూడో అంతస్తాయన, "నీళ్ళ మోటారు ఎవరూ ఆపకపోవటంలో మన బిల్డింగు వాళ్ళకున్న ఐకమత్యం" అని రాశాడు. మామగారు రెండింటినీ ఓపిగ్గా చదివి, తుడిపించేశారు. ఆ మోటారు ఉదాహరణ చెరుపుతుంటే మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఇదేంటమ్మా, బోర్డు మందు సీసా మీద కాయితంలా అయిపోయింది," అంది ఇస్త్రీ పిన్ని. "అమ్మగారి ముక్క ఏదీ? అయ్యగారు తప్పొప్పుకుంటే గానీ రానందిటగా?"

"నీకెవరు చెప్పారు పిన్నీ?"

"మీరేగా. నిన్న దుప్పట్లు ఇస్తూ."

ఇంట్లో మామగారి పరిస్థితి ఏమంత బాగాలేదు. పైకి ఏమీ అనరు. పొద్దున టీ కప్పుతో కూర్చుని అలవాటుగా "ఏమోయ్" అంటారు. నేను వంటింట్లోంచి "చెప్పండి మామయ్యగారూ" అంటాను. "ఏం లేదమ్మా" అంటారు. తర్వాత టీ అలాగే చల్లారిపోతుంది. ఓసారి నేను బట్టలారేస్తుంటే, ఆయన అత్తగారి కుట్టుమిషను మీద దుమ్ము తుడుస్తున్నారు. నన్ను చూసి, "దారం చిక్కుపడిందేమోనని చూస్తున్నాను," అన్నారు. మిషనులో దారమే లేదు.

ఓ రోజు మా ఆయన ధైర్యం చేశాడు. "ఒక్క మాటే కదా నాన్నా. అనేస్తే పోతుంది."

"నేను చెప్పిన అర్థం తప్పా?"

"కాదు."

"మరి తప్పని ఎలా చెప్పను? నీ పెళ్ళాన్ని అడుగు, సైన్సు చదివింది. అమ్మాయ్, తప్పా?"

"తప్పు కాదు మామయ్యగారూ, కానీ..."

"కానీ?"

కానీ తర్వాత ఏముండాలో నాకూ తెలుసు. గిన్నెలు తోమాలని గుర్తొచ్చినట్టు లేచిపోయాను.

ఇలా లాభం లేదని నేనే రంగంలోకి దిగాను. నా తెలివితేటల మీద నాకు ముందు నుంచీ గొప్ప నమ్మకం. ఎవరూ చూడని వేళ కిందికెళ్ళి, వాడుక ఎదురుగా నేనే రాసేశాను. ఇల్లాలు లేకపోతే ఇంట్లో కోహీజన్ ఉండదని, ఇంగ్లీషులో, 'టి' గీతలన్నీ తిన్నగా. అందరూ ఇది మామగారి మాటే అనుకుంటారు, పిన్ని చేరవేస్తుంది, అత్తగారు కరిగిపోతుంది. నా లెక్క అదీ.

కాసేపటికి మామగారు దిగారు. పిన్ని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. మెట్లెక్కుతున్న ఇద్దరు ఆగారు. నేను పైమెట్టు మీద నిలబడి గోడకి అతుక్కుపోయాను. అది అడ్‌హీజన్ అని ఇప్పుడు తెలుసు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. సుద్దముక్క తీసుకున్నారు. వణుకుతున్న చేత్తో నా 'వితౌట్' కొట్టేసి, పైన 'ఇన్ ది ఆబ్సెన్స్ ఆఫ్' అని రాసి, పైకి వెళ్ళిపోయారు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. చెరపలేదు! దిద్దారు! అంటే ఒప్పుకున్నట్టేగా? చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా రెండు వీధుల అవతలున్న మా ఆడపడుచు ఇంటికి పరుగెత్తాను. ఆవిడ మా ఆయనకి అక్క.

వాళ్ళింట్లో అన్నీ కొత్తవే. టీవీ రిమోటుకి కూడా ప్లాస్టిక్ తొడుగు. అత్తగారు పెద్ద సోఫాలో ఓ మూలకి కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆవిడ చేతులు ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. వేరేవాళ్ళవి తెచ్చి అక్కడ పెట్టినట్టున్నాయి.

"వంట చేద్దామంటే 'నువ్వు కూర్చో అమ్మా' అంటుంది," అంది గుసగుసగా. "గిన్నె కడుగుదామంటే మిషనుందిట. కూర్చుని కూర్చుని నేనూ తొడుగు వేసిన రిమోటులా అయిపోయాను."

"అత్తయ్యా, మామయ్యగారు బోర్డు మీద రాశారు!" అని 'ఇన్ ది ఆబ్సెన్స్ ఆఫ్' దగ్గర్నుంచీ వాక్యం మొత్తం ఒప్పజెప్పాను.

ఆవిడ శ్రద్ధగా విన్నది. "ఆ మొదటి ముక్క ఆయనది. మిగతాది నీది."

"అదేంటత్తయ్యా..."

"ఆయన నీ ఇంగ్లీషు దిద్దారే పిచ్చిదానా. నన్ను పిలవలేదు."

ఇంత పరుగెత్తుకొచ్చి, చెప్పు తెగి, చివరికి నేను మోసుకొచ్చింది నా తప్పు దిద్దిన కాయితం.

"అయినా," అంది అత్తగారు, "ఆయన దిద్దటం నాకేమైనా కొత్తా? పెళ్ళైన కొత్తలోనే చెప్పారు, నేను మాట్లాడితే ఎక్కడా ఫుల్‌స్టాప్ ఉండదని. అర్థం తప్ప ఆయనకేదీ వినబడదు. అది ఆయన జబ్బు. నువ్వు నవ్వావు చూడు."

"నేనా? నాకు పొలమారింది అత్తయ్యా..."

"ముక్కులోంచి వచ్చింది. అది నవ్వే." సోఫా అంచుమీద లేని దారప్పోగుని లాగింది. "ఎన్నేళ్ళుగానో లోపల ఉన్న మాట, ఆ పూట నోరు జారింది. ఆయనకి వినబడలేదు, సరే. నీకు వినబడింది. వినబడే నవ్వావు."

ఏదో ఒకటి చెప్పాలి. చెప్పే మాట కూడా తెలుసు. మామగారి చేత చెప్పించాలని నేను ఊరంతా పరుగెత్తిన మాటే అది. సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు ట్రేలో మంచినీళ్ళతో వచ్చింది. నేను ఆ నీళ్ళ మీద పడ్డాను.

"మంచిదైంది నువ్వొచ్చావు," అంది ఆడపడుచు. "ఆదివారం మీ అన్నయ్యగారు వచ్చి అమ్మ కుట్టుమిషను తెచ్చేస్తారు. ఆ మూల ఖాళీ చేయించాను. అమ్మ ఇంక ఇక్కడే. అక్కడ నాన్న పాఠాలు, ఈవిడ చాకిరీ, ఎన్నాళ్ళని?"

"వదినగారూ, అంత తొందరేముంది..."

"తమ్ముణ్ణి కాస్త ఓ చెయ్యి వెయ్యమను. బరువు."

అత్తగారు వద్దని అనలేదు. ఆ మిషను ఆవిడతో పాటు కాపురానికి వచ్చింది. ఇనప కాళ్ళ పాత మిషను. మా ఇంట్లో దిండు గలీబు దగ్గర్నుంచి మా ఆయన స్కూలు నిక్కరు దాకా దాని కిందే పుట్టాయి. అది గుమ్మం దాటితే ఇంక ఆవిడ రాదని నాకు అర్థమైంది.

ఇంటికొచ్చి మామగారికి విషయం చెప్పాను. సగమే చెప్పాను. "ఆదివారం మిషను తీసుకెళ్ళిపోతారట. మీరు తప్పొప్పుకుంటేనే అత్తయ్య వస్తారట." నవ్వు సంగతి మింగేశాను. ఆయనకసలే గుండె బలహీనం, అన్నీ ఒకేసారి చెప్పటం మంచిది కాదనుకున్నాను. ఆయనకి గుండె బలహీనమని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనే చెప్పుకున్నాను.

ఆయన మిషను వైపు చూశారు. "అది ఇక్కడే ఉంటే ఏం?" అన్నారు మెల్లగా, గోడకి చెప్పినట్టు.

ఆదివారం రానే వచ్చింది. మా ఆడపడుచు భర్త, మా ఆయన చెరో వైపు పట్టుకుని మిషను దింపటం మొదలుపెట్టారు. అత్తగారు కూడా వచ్చింది, మిషనుకి గీతలు పడకుండా చూడటానికట. పైకి మాత్రం రాలేదు. కింద ఇస్త్రీ బల్ల దగ్గరే నిలబడింది. పిన్ని ఆవిడకో స్టూలు వేసింది. ఆవిడ కూర్చోలేదు. నేను ముందే కిందికి దిగి, పిల్లిలా ఓ పక్కన నిలబడ్డాను.

రెండంతస్తులు బాగానే దిగింది. చివరి మలుపులో, సరిగ్గా బోర్డు పక్కన, మిషను ఇనప కాలు ఒకటి కటకటాల్లో ఇరుక్కుంది. పైకి లాగితే రాదు. కిందికి తోస్తే కదలదు. మిషను వెనకాలే దిగుతున్న మామగారు పైమెట్టు మీద ఆగిపోయారు. ఆయన వెనక కూరగాయల సంచీలతో, చెత్తబుట్టలతో మిగతా అంతస్తుల వాళ్ళు ఆగిపోయారు. పైన ఆయన, కింద ఆవిడ, మధ్యలో మిషను.

ఇంతకన్నా మంచి సమయం రాదనిపించింది. సినిమాల్లో ఇలాంటప్పుడే ఎవరో ఒకరు త్యాగం చేస్తారు. నేను ముందుకొచ్చాను.

"అత్తయ్యా! ఆ రోజు నవ్వాను. నాదే తప్పు!"

గట్టిగానే అన్నాను. పిన్ని చెయ్యి ఇస్త్రీపెట్టె మీద ఆగిపోయింది. మా ఆయన మిషను మీంచి తలెత్తి నన్ను చూశాడు. అత్తగారు కళ్ళొత్తుకుని నన్ను దగ్గరికి తీసుకుంటుందని ఎదురుచూశాను.

"తెలుసు," అంది అత్తగారు. "పక్కకి జరుగు. ఆ కాలు జారితే నీ నెత్తిన పడుతుంది."

జరిగాను.

మామగారు పైనుంచి బోర్డు వైపు చూశారు. మాట ఉంది. అర్థం ఉంది. నేను రాసిందీ, ఆయన దిద్దిందీ ఎవరి చెయ్యి తగిలిందో సగం చెరిగిపోయి, ఆ చోటు మళ్ళీ దాదాపు ఖాళీగా ఉంది. ఆయన చాలాసేపు చూశారు. అప్పుడు, అలవాటుగా వచ్చిందో కావాలని అన్నారో నాకిప్పటికీ తెలియదు.

"ఏమోయ్," అన్నారు. "ఓ ఉదాహరణ చెప్పు."

మెట్ల మీద ఎవరూ కదల్లేదు.

"చెప్పాను," అంది అత్తగారు, మిషను మీదుగా తలెత్తి. "మీకు నచ్చలేదు."

"అది..."

"ఊఁ?"

"తప్పు జరిగింది."

"దానంతటదే జరిగిందా?"

"మన వల్ల జరిగింది."

"మనలో నేనెందుకున్నాను?"

"అదీ అడగండమ్మా!" అంది పిన్ని.

"పొరపాటు అనొచ్చా?"

"అనకూడదు."

"మామయ్యగారూ," అన్నాడు కింద వైపు పట్టుకున్న మా ఆడపడుచు భర్త, "కాస్త త్వరగా. చెయ్యి లాగేస్తోంది."

మామగారు కళ్ళజోడు తీశారు. జేబులో పెట్టుకోబోయి, మళ్ళీ కళ్ళకే పెట్టుకున్నారు.

"అర్థం నేను సరిగ్గానే చెప్పాను," అన్నారు.

నేను కళ్ళు మూసుకున్నాను. కొంప మునిగింది. ఈయన మళ్ళీ కరెక్టు.

"అర్థం సరిగ్గానే చెప్పాను," అన్నారు మళ్ళీ. "కానీ నిన్ను నేనడిగింది అర్థం కాదు. రోజూ నువ్వేం చెప్పినా రాయించాను. మూత రాని సీసా అన్నావు, రాయించాను. నన్ను ఎన్ని అన్నా ఒక్కటీ కాదనలేదు. ఇద్దర్నీ కలిపి నువ్వు చెప్పింది ఇదొక్కటే. దీన్నే కొట్టేశాను."

అత్తగారు మిషను బల్ల మీద చెయ్యి వేసి, అక్కడున్న ఓ పాత గీతని బొటనవేలితో రుద్దుతోంది.

"నువ్వు లేకపోతే ఒక్క మాట కూడా ముందుకి పోవట్లేదు," అన్నారు మామగారు. "ఈ అమ్మాయి ఉపన్యాసాలు చెబుతోంది."

అది కూడా కరెక్టే. ఈసారి నాకు కోపం రాలేదు.

"అయితే?" అంది అత్తగారు. ఆ 'అయితే'లో మునుపటి పదును లేదు. అయినా వదల్లేదు.

ఆయన గోడకి చెయ్యి ఆనించి, ఒక మెట్టు దిగారు. ఇంక దిగటానికి మిషను అడ్డం. అక్కడే నిలబడి, చాలా మెల్లగా, పెదాలు కదిలాయో లేదో అన్నట్టు అన్నారు. "తప్పు నాది."

"ఏమన్నారు?" అంది ఇస్త్రీ పిన్ని.

"వినబడలేదట," అంది అత్తగారు.

మామగారు గొంతు సవరించుకున్నారు. భుజాలు వెనక్కి తీసుకున్నారు. చివరి బెంచీలో నిద్రపోయేవాణ్ణి లేపటానికి ఒకప్పుడు వాడిన గొంతు అది కాబోలు, నేను ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

"తప్పు నాది!"

మెట్ల మధ్య ఖాళీలోంచి ఆ మాట పైదాకా తిరుగుతూ వెళ్ళింది. నాలుగో అంతస్తులో ఎవరిదో తలుపు తెరుచుకుంది. కటకటాల మీంచి ఒక తల వంగి, "ఎవరిదండీ?" అని అడిగింది.

మామగారు తలెత్తి పైకి చూశారు.

"నాది," అన్నారు. "నాదే తప్పు."